వేప్, హీటెడ్ పొగాకు: ‘సిగరెట్ కన్నా నయం’ అన్న మాట ఎవరికి నిజం?

చుట్ట వాసన వీధి మలుపులోనే పట్టేస్తుంది. బీడీ కాల్చి వచ్చినవాడి సంగతి అతని చొక్కా చెబుతుంది. కానీ హైలైటర్ పెన్నులాంటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఇంటర్ చదివే పిల్లాడి బ్యాగులో ఉంటే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. గదిలో కాసేపు మామిడిపండు వాసనో పుదీనా వాసనో ఉండి పోతుంది, అంతే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెల్డింగ్, ఫిట్టింగ్ పనులకు గల్ఫ్ వెళ్ళేవారు చాలామంది. యూఏఈ, సౌదీల్లో ఈ సరుకు దుకాణాల్లోనే దొరుకుతుంది. సెలవుకు వచ్చేవారి సామానులో ఒకటి రెండు రావడం కష్టమేమీ కాదు. ఇక్కడ అమ్మడమే నేరం కాబట్టి, డబ్బా మీద రాసింది నిజమో కాదో చూసే నాథుడు లేడు.

ఆ గొట్టంతో పాటు రెండు మాటలు కూడా వస్తున్నాయి. “ఇది పొగ కాదు, ఉత్త ఆవిరి” అన్నది ఒకటి. “సిగరెట్ కన్నా నయం” అన్నది రెండోది. మొదటిది తప్పు. రెండోది కొందరి విషయంలో నిజం, మరికొందరి విషయంలో అసలు వర్తించని మాట. ఆ తేడా ఎక్కడ వస్తుందో తెలియాలంటే ముందు గొట్టం విప్పి చూడాలి.

గొట్టంలో ఉన్నదేమిటి

ఈ-సిగరెట్‌లో పొగాకు ఆకు ఉండదు. ఒక లిథియం బ్యాటరీ, ఒక చిన్న లోహపు కాయిల్, దాన్ని అంటుకుని దూది వత్తి, వత్తి చుట్టూ ద్రవం ఉంటాయి. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టే ఈ వత్తి ద్రవాన్ని కాయిల్ దగ్గరికి లాగుతుంది. దమ్ము లాగగానే కాయిల్ వేడెక్కి, వత్తిలోని ద్రవం ఆవిరవుతుంది. ఆ ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. వాటిలో నికోటిన్, రుచికి ఫ్లేవర్లు కలుపుతారు. వేప్, పెన్ను, పాడ్ అని రకరకాలుగా పిలిచేది దీన్నే. హోన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు 2003లో రూపొందించిన పరికరం నుంచి ఇవాళ్టి రకాలన్నీ వచ్చాయి.

హీటెడ్ పొగాకు దారి వేరు. ఇందులో అసలైన పొగాకే ఉంటుంది. ఆకును పొడి చేసి, గ్లిజరిన్ లాంటివి కలిపి, కాగితంలా పరిచి, పొట్టి సిగరెట్‌లా చుడతారు. ఆ పుల్లను పరికరంలో గుచ్చితే లోపలి వేడి పలక దాన్ని 350 డిగ్రీల దాకా వేడి చేస్తుంది. సిగరెట్ కొన అయితే దమ్ము లాగినప్పుడు 900 డిగ్రీల దాకా పోతుంది. 2014లో జపాన్‌లోని నగోయాలో, ఇటలీలోని మిలాన్‌లో ఫిలిప్ మోరిస్ కంపెనీ అమ్మకం మొదలుపెట్టిన ఐకోస్ వీటిలో ఎక్కువమందికి తెలిసిన పేరు. ఒక పుల్ల ఆరు నిమిషాలు, లేదంటే 14 దమ్ములు వస్తుంది.

నికోటిన్ ఎంత ఉందో డబ్బా మీద శాతాల్లో రాస్తారు. అసలు తికమక అక్కడే. ‘5 శాతం’ అంటే ఒక మి.లీ.కు దాదాపు 50 మి.గ్రా. నికోటిన్. పది మి.లీ. పట్టే వాడిపారేసే పెన్నులో అది 500 మి.గ్రా. అవుతుంది. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం మి.లీ.కు 20 మి.గ్రా. మించకూడదు, ట్యాంకులో 2 మి.లీ. మించకూడదు, మొత్తం 40 మి.గ్రా. అంటే ఆ పెద్ద పెన్నులో ఉన్నది అక్కడి పరిమితికి పన్నెండున్నర రెట్లు. దీన్ని నేరుగా సిగరెట్లలోకి మార్చి చెప్పడం సరికాదు. సిగరెట్ పొగాకులో 10 నుంచి 12 మి.గ్రా. నికోటిన్ ఉన్నా ఒంటికి పట్టేది ఒకటి, ఒకటిన్నర మి.గ్రా. మాత్రమే. పెన్నులో ఉన్నదంతా కూడా రక్తంలోకి పోదు. కాకపోతే సిగరెట్ కాలిపోయి, చివరికొచ్చి, ‘ఇక చాలు’ అని తానే చెబుతుంది. పెన్నుకు చివర లేదు. పైగా ఇప్పటి పెన్నుల్లో నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం లాంటిది చేర్చి ‘నికోటిన్ సాల్ట్’గా వాడుతున్నారు. దాంతో గొంతు మండదు. మొదటిసారి బీడీ ముట్టుకున్న కుర్రాణ్ణి రెండోసారి ఆలోచింపజేసేది ఆ మంటా, ఆ దగ్గే. వాటినే ఇక్కడ తీసేశారు.

ఆవిరి కాదు, తుంపర

ఇడ్లీ పాత్ర మూత తీస్తే వచ్చేది నీటి ఆవిరి. వేప్ నుంచి వచ్చేది అది కాదు. కాయిల్ దగ్గర ఆవిరైన ద్రవం గాలి తగలగానే చల్లబడి, కోట్లాది సన్నని బొట్లుగా మారుతుంది. వైద్యులు దీన్ని ఏరోసాల్ అంటారు. తుంపర అనుకుంటే సరిపోతుంది. చాలా బొట్లు ఒక మైక్రాన్ కన్నా చిన్నవి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు.

పరిమాణం ఎందుకు ముఖ్యమో జూట్ మిల్లు కార్మికులకు బాగా అర్థమవుతుంది. కంటికి కనిపించే నార దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. తుమ్మితేనో కాండ్రించి ఉమ్మితేనో బయటికొస్తుంది. కంటికి ఆనని సన్న దుమ్మే లోపలికి దిగుతుంది. వేప్ తుంపర అంతకన్నా సన్నం. గాలిలోని ఆక్సిజన్ రక్తంలో కలిసే చివరి గాలిబుడగల దాకా వెళ్తుంది. ఆ గాలిబుడగలన్నీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్ల పొర వస్తుంది.

అక్కడికి చేరే దారిలో శ్వాసనాళాల గోడల మీద నూగులాంటి శైలికలు ఉంటాయి. అవి లయగా కదులుతూ కఫాన్ని పైకి తోస్తాయి. దాల్చినచెక్క రుచినిచ్చే సినమాల్డిహైడ్ ఈ శైలికల కదలికను మందగింపజేస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. పుదీనా చల్లదనాన్నిచ్చే మెంథాల్ పని మరో రకం. అది దగ్గు రానివ్వకుండా గొంతును మొద్దుబారుస్తుంది, దాంతో ఇంకా లోతుగా పీల్చగలుగుతారు. అమెరికా జాతీయ అకాడమీలు 2018లో అప్పటిదాకా వచ్చిన ఆధారాలన్నీ తూకం వేశాయి. వేప్ వాడే కౌమారుల్లో దగ్గు, పిల్లికూతలు పెరుగుతాయని, ఉబ్బసం తిరగబెట్టడానికీ దీనికీ సంబంధం ఉందని చెప్పడానికి ‘ఓ మోస్తరు’ ఆధారం ఉందన్నాయి. ఇది దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు తెస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం అప్పటికి ఇటో అటో చెప్పే ఆధారమే లేదన్నాయి. ఆ రెండో వాక్యాన్ని కొందరు ‘హాని లేదని తేలింది’ అని చదివారు. అది అలా చదవాల్సిన వాక్యం కాదు. ఎందుకో తర్వాత లెక్క వేసి చూద్దాం.

పొట్ట ఒప్పుకున్నది ఊపిరితిత్తి ఒప్పుకోదు

“ఇందులో వాడేవన్నీ తినే పదార్థాలే” అన్న వాదన తరచు వినిపిస్తుంది. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్నవే, నిజమే. ఎండుమిరపకాయ కూడా తినేదే. పోపులో అది మాడితే ఇంటిల్లిపాదీ దగ్గుతూ పెరట్లోకి పరుగెడతారు. పొట్టలో ఆమ్లం ఉంది, మందమైన జిగురు పొర ఉంది, రక్తంలో కలిసేముందు వడగట్టే కాలేయం ఉంది. గాలిబుడగ గోడకు అలాంటి కాపలా లేదు.

దీనికి రెండు ఉదాహరణలు ఉన్నాయి. రెండింటినీ కలగాపులగం చేసి చెప్పడం వల్లే గందరగోళం ఎక్కువైంది.

మొదటిది డయాసిటైల్. వెన్న వాసననిచ్చే ఈ పదార్థాన్ని తింటే ఏమీ కాదు. 2000లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఒక మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఎనిమిది మందికి సన్నని శ్వాసనాళాలు మచ్చకట్టి మూసుకుపోయే జబ్బు వచ్చినట్టు బయటపడింది. కారణం ఆ వెన్న వాసన ఆవిరి. ‘పాప్‌కార్న్ లంగ్’ అన్న పేరు అక్కడ పుట్టింది. కొన్ని వేప్ ద్రవాల్లో డయాసిటైల్ దొరికింది కాబట్టి ‘వేప్ తాగితే పాప్‌కార్న్ లంగ్’ అని ప్రచారమైంది. కానీ సిగరెట్ పొగలో డయాసిటైల్ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. బ్రిటన్ వేప్ ద్రవాల్లో దాన్ని నిషేధించింది. వేప్ వాడేవారిలో ఈ జబ్బు పెద్దఎత్తున కనిపించిన దాఖలా లేదు. ఈ భయంలో అతిశయోక్తి ఉంది.

రెండోది విటమిన్-ఈ అసిటేట్, ఇది అతిశయోక్తి కాదు. 2019లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న యువకులు జ్వరం, దగ్గు, ఆయాసం, వాంతులతో ఆస్పత్రుల్లో చేరడం మొదలైంది. ఆ జబ్బుకు ఈవాలి అని పేరు పెట్టారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. 51 మంది రోగుల ఊపిరితిత్తులు కడిగిన ద్రవాన్ని పరీక్షిస్తే 48 మందిలో విటమిన్-ఈ అసిటేట్ దొరికింది. చర్మానికి రాసే క్రీముల్లో ఉండే పదార్థమే అది. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ నూనెను నల్లబజారులో కల్తీ చేసినవారు, చిక్కగా కనిపించడానికి దాన్ని కలిపారు. రోగుల్లో పది మందిలో ఎనిమిది మందికి పైగా టీహెచ్‌సీ వేప్ వాడినవారే.

ఈవాలిని చూపి ప్రతి నికోటిన్ వేప్ నెలరోజుల్లో ప్రాణం తీస్తుందనడం తప్పు. నియంత్రణలో ఉన్న బ్రిటన్ మార్కెట్లో అలాంటి ఉప్పెన రాలేదు. కానీ ఆ ఉదంతం నుంచి మన జిల్లాలకు పనికొచ్చే సంగతి వేరే ఉంది. అక్కడ మనుషుల్ని చంపింది నల్లబజారు సరుకు. ఇక్కడ దొరికేదంతా నల్లబజారు సరుకే.

వత్తి ఎండినప్పుడు

పరికరం సరిగ్గా ఉన్నంతసేపు ఒక లెక్క, లేనప్పుడు మరో లెక్క. ట్యాంకులో ద్రవం అడుగంటినా, వెంటవెంటనే దమ్ములు లాగినా వత్తి తడారిపోతుంది. చల్లబరిచే ద్రవం లేక కాయిల్ ఒక్కసారిగా వేడెక్కుతుంది. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ విరిగిపోయి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ పుడతాయి. నూనె మూకుడు మాడినప్పుడు కళ్ళు మండించే ఘాటు ఎక్రోలిన్‌దే. కాయిల్ నుంచి నికెల్, క్రోమియం, టంకం నుంచి సీసం లాంటి లోహాలు కొద్దికొద్దిగా తుంపరలోకి చేరతాయి. కాయిల్ పాతబడేకొద్దీ, నాసిరకమైనకొద్దీ ఇది పెరుగుతుంది.

దీని మీద 2015లో పెద్ద వాదమే నడిచింది. ఒక పరిశోధన బృందం బ్యాటరీని 5 వోల్టుల మీద నడిపితే ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే పదార్థాలు బాగా వస్తున్నాయంది, 3.3 వోల్టుల దగ్గర మాత్రం అవి కనిపించలేదు. ఎదుటివారు “5 వోల్టుల దగ్గర ఆ పరికరం మాడు రుచి వస్తుంది, మనిషి నోట పెట్టుకోలేడు, యంత్రం మాత్రమే పీలుస్తుంది” అన్నారు. రెండు పక్షాలూ చూసింది ఒకే నిజాన్ని. పదార్థం ఒకటే అయినా వేడిని బట్టి విషం మారుతుంది. పాతకాలం పెన్నులో మాడు రుచి ఒక హెచ్చరిక. గాఢమైన పుదీనా, చల్లదనం ఫ్లేవర్లు ఆ హెచ్చరికను కప్పేస్తాయి.

కాలకపోయినా మాడుతుంది

హీటెడ్ పొగాకు కంపెనీల వాదన సూటిగా ఉంటుంది: మంట లేదు కాబట్టి పొగ లేదు, తారు లేదు. కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కన్నా చాలా తక్కువన్నది నిజం. చాలా విషపదార్థాలు తగ్గుతాయన్నదీ స్వతంత్ర పరీక్షల్లో తేలింది. కానీ తగ్గడం వేరు, లేకపోవడం వేరు. 350 డిగ్రీల దగ్గర ఆకు మండదు గానీ కమిలి నల్లబడుతుంది. పేనం మీద మరిచిపోయిన రొట్టెకు మంట అంటుకోకపోయినా మాడినట్టే. అందుకే ఈ తుంపరలోనూ ఎక్రోలిన్, ఎసిటాల్డిహైడ్, ఫార్మాల్డిహైడ్ ఉంటాయి. పరికరాన్ని శుభ్రం చేయకుండా వాడితే పలకకు అంటిన పిప్పి మళ్ళీ మళ్ళీ కమిలి మాడు పెరుగుతుందని, పుల్లలోని ప్లాస్టిక్ పొర వేడికి కరుగుతుందని కూడా ఒక పరీక్షలో గమనించారు. నికోటిన్ సిగరెట్‌తో పోలిస్తే ఓ పిసరు తక్కువ, అంతే.

జపాన్‌లో దీని తర్వాత వచ్చిన కొన్ని అరుదైన కేసులు వైద్య పత్రికల్లోకి ఎక్కాయి. ఇరవై ఏళ్ళ యువకుడికి, పదహారేళ్ళ కుర్రాడికి హీటెడ్ పొగాకు వాడాక ఇసినోఫిలిక్ న్యుమోనియా వచ్చింది. ఒకరకం తెల్లకణాలు ఒక్కసారిగా ఊపిరితిత్తుల్లో నిండిపోయే జబ్బు అది. ఇలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టదగినవే. మందులను, పొగాకు ఉత్పత్తులను నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఐకోస్‌కు ‘హానికర పదార్థాలకు గురికావడం తగ్గుతుంది’ అని చెప్పుకోవడానికి అనుమతించింది. ‘జబ్బు ముప్పు తగ్గుతుంది’ అని చెప్పుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఈ రెండు వాక్యాలూ ఒకటే అనుకోవడం మీదే ‘నయం’ అన్న మాట నిలబడి ఉంది.

వేడీ పొగా కలిసి ఏం చేస్తాయో శ్రీకాకుళం తీరానికి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ ఇక్కడి ఆడవాళ్ళలో తరతరాలుగా ఉంది. విజయనగరం జిల్లా ఏర్పడక ముందు, 1971లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం 10,169 మంది పల్లెవాసుల అంగిళ్ళను పరీక్షించారు. అడ్డపొగ పీల్చేవారి అంగిట్లో తెల్లమచ్చలు, పుండ్లు, క్యాన్సర్ ఎందుకు ఎక్కువో ప్రపంచానికి తెలిసింది ఇలాంటి పనుల వల్లే. అదే పొగాకు మామూలుగా కాలిస్తే గొంతును, ఊపిరితిత్తులను పట్టుకుంటుంది. అడ్డంగా తిప్పితే అంగిలిని పట్టుకుంటుంది. వాడే తీరు మారితే దెబ్బ తగిలే చోటు మారుతుంది. వేప్ తుంపర ఎక్కువగా చేరేది సన్నని శ్వాసనాళాల్లోకి, గాలిబుడగల్లోకి. అంగిట్లో మచ్చ అద్దంలో కనిపిస్తుంది. ఇది కనిపించదు.

‘నయం’ దేనితో పోలిస్తే

2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ, వేపింగ్ సిగరెట్ కన్నా 95 శాతం తక్కువ హానికరమని ప్రకటించింది. ఆ అంకె కొలిచి తేల్చింది కాదు, ఎక్కువగా నిపుణుల అంచనా మీద ఆధారపడింది అన్నది ప్రధాన విమర్శ. అయినా దాని వెనక తర్కం బలహీనమైనది కాదు: సిగరెట్ పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలు, సుమారు 70 క్యాన్సర్ కారకాలు ఉంటాయి, వాటిలో అత్యధికం మండటం వల్ల పుట్టేవి.

మానడానికి పనికొస్తుందా అంటే, 2019లో ఇంగ్లండ్‌లో 886 మంది మీద జరిగిన ప్రయోగం ఉంది. ఏడాది తర్వాత వేప్ ఇచ్చినవారిలో 18 శాతం, నికోటిన్ గమ్, పట్టీల వంటివి ఇచ్చినవారిలో 9.9 శాతం సిగరెట్ మానేశారు. మానినవారిలో 80 శాతం ఏడాది తర్వాత కూడా వేప్ పీలుస్తూనే ఉన్నారు. గమ్, పట్టీల వాళ్ళలో 9 శాతమే వాటిని కొనసాగించారు. వేప్‌ను సమర్థించేవారు మొదటి జత అంకెలు చూపుతారు, వ్యతిరేకించేవారు రెండో జత చూపుతారు. రెండూ ఒకే ప్రయోగంలోవి.

ఇప్పుడు ముగ్గురిని ఊహించుకుందాం. ముప్పై ఏళ్ళుగా రోజూ కట్ట బీడీలు తాగే యాభై ఏళ్ళ మనిషి పూర్తిగా బీడీ మానేసి, నాణ్యత నియంత్రణ ఉన్న వేప్‌కు మారితే అతని ఊపిరితిత్తుల్లోకి పోయే విషం బాగా తగ్గుతుంది. అతను పోల్చుకునేది బీడీతో. ఎప్పుడూ పొగ ముట్టని పదిహేడేళ్ళ విద్యార్థి పోల్చుకోవాల్సింది సిగరెట్‌తో కాదు, ఊరి గట్టు మీద వీచే మామూలు గాలితో. అతనికి ‘నయం’ అన్న మాటకు అర్థమే లేదు.

మూడో మనిషి నిజజీవితంలో ఎక్కువగా కనిపించే రకం. ఆఫీసులో వేప్, సాయంత్రం టీకొట్టు దగ్గర సిగరెట్. సగం తగ్గించాను కదా అనుకుంటాడు. ఊపిరితిత్తులు ఆ లెక్క ఒప్పుకోవు. రోజుకు ఐదు కన్నా తక్కువ సిగరెట్లు తాగేవారిలో ఏటా జరిగే అదనపు నష్టం, ముప్పైకి పైగా తాగేవారి నష్టంలో దాదాపు మూడింట రెండొంతులని 2020లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో తేలింది. అమెరికాలో పెద్దలను కొన్నేళ్ళ పాటు గమనించిన మరో పరిశీలనలో శ్వాసకోశ వ్యాధుల ముప్పు వేప్ ఒక్కటే వాడేవారిలో సుమారు 1.3 రెట్లు, పొగ ఒక్కటే తాగేవారిలో 2.6 రెట్లు, రెండూ వాడేవారిలో 3.3 రెట్లు కనిపించింది. వేప్ వాడేవారిలో చాలామంది మాజీ ధూమపానులే కాబట్టి ఆ 1.3లో పాత సిగరెట్ల వాటా ఎంతో విడదీయడం కష్టమన్నది దీనిపై న్యాయమైన అభ్యంతరం.

రెండేళ్ళ అధ్యయనంలో నష్టం ఎందుకు కనిపించదు

ఊపిరితిత్తుల బలాన్ని స్పైరోమెట్రీతో కొలుస్తారు. గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో ఎన్ని మి.లీ. గాలి బయటికొచ్చిందన్నది అందులో ముఖ్యమైన అంకె. పొగ తాగని ఆరోగ్యవంతుడికీ వయసుతో పాటు అది ఏటా సుమారు 30 మి.లీ. చొప్పున తగ్గుతుంది. ఒకే మనిషి ఒకే పూట ఊదినా రెండు ఊదుల మధ్య 150 మి.లీ. వరకు తేడా ఉంటే పరీక్ష సరిగ్గా జరిగినట్టే లెక్క.

ఉదాహరణకు ఒక వస్తువు ఏటా అదనంగా 10 మి.లీ. నష్టం చేస్తుందనుకుందాం. రెండేళ్ళకు 20 మి.లీ. అది పరీక్షలోని సహజమైన ఊగిసలాటలో కలిసిపోతుంది. ఒక మనిషిలో ఆ నష్టం 150 మి.లీ. గీత దాటడానికి 15 ఏళ్ళు పడుతుంది. ఆయాసంగా తెలిసొచ్చేసరికి ఇంకా ఎక్కువ. వేలమందిని కలిపి సగటు తీస్తే ముందే పట్టుకోవచ్చు గానీ, అప్పుడు కూడా ఏళ్ళ తరబడి చూడాలి, వారిలో ఎప్పుడూ సిగరెట్ తాగనివారు తగినంతమంది ఉండాలి. సిగరెట్ల వల్ల శ్వాసనాళాలు క్రమంగా మూసుకుపోయే దీర్ఘకాలిక జబ్బు (సీఓపీడీ) బయటపడటానికే సాధారణంగా ఇరవై ముప్పై ఏళ్ళు పడుతుంది. వేప్ ప్రపంచంలో విస్తృతంగా వాడకంలోకి వచ్చింది 2010 తర్వాత.

ఓపీలో అడిగే ప్రశ్న

భారత్ 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్‌తో, డిసెంబర్‌లో చట్టంతో వీటిని నిషేధించింది. నికోటిన్ ఉన్నా లేకపోయినా ఈ-సిగరెట్లు, హీటెడ్ పొగాకు పరికరాలు, ఈ-హుక్కాలన్నీ దీని కిందికి వస్తాయి. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలకు మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు, లేదా యాభై వేల వరకు జరిమానా, లేదా రెండూ. పీల్చడానికి విడిగా శిక్ష రాయలేదు. బీడీ, సిగరెట్ కొట్టులో దొరుకుతూ వాటికన్నా తక్కువ విషమున్నది నేరం కావడమేమిటని కొందరు వాదిస్తారు. కొత్త తరానికి కొత్త వ్యసనం తలుపు తెరవకూడదన్నది నిషేధం వైపు వాదన. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2019లో పూర్తి నిషేధాన్నే సిఫారసు చేసింది.

నిషేధానికి వైద్యపరంగా ఒక పర్యవసానం ఉంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. జ్వరం, ఆయాసం, ఎక్స్‌రేలో రెండు వైపులా తెల్లటి నీడలతో ఇరవై ఏళ్ళ కుర్రాడు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఓపీకి వస్తే, ముందు గుర్తొచ్చేవి న్యుమోనియా, క్షయ. అవే ఎక్కువ కాబట్టి అది సహజం. ఈవాలి అని తేల్చడానికి కావాల్సిన షరతుల్లో మొదటిది, జబ్బు మొదలవడానికి ముందు 90 రోజుల్లో వేప్ వాడి ఉండటం. మిగతావి ఎక్స్‌రేలో నీడలు, ఇన్ఫెక్షన్ లేదని పరీక్షల్లో తేలడం, వేరే కారణం కనిపించకపోవడం. దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష ఏదీ లేదు. అంటే మొత్తం ఒక ప్రశ్న మీద ఆధారపడి ఉంది.

“పొగ తాగుతావా బాబూ?” అని డాక్టరుగారు అడుగుతారు. పక్కన నాన్న నిలబడి ఉంటాడు. “లేదండి” అంటాడు కుర్రాడు. అతని దృష్టిలో అది అబద్ధం కూడా కాదు, అది పొగ కాదని కదా అతనికి చెప్పింది. కేసు షీటులో ‘ధూమపానం: లేదు’ అని పడుతుంది, యాంటీబయాటిక్ మొదలవుతుంది. నాన్నను కాసేపు బయట కూర్చోబెట్టి “వేప్ గానీ, పెన్ను గానీ, పాడ్ గానీ ఎప్పుడైనా పీల్చావా? అందులో ఏముందో తెలుసా? అది ఇప్పుడు ఎక్కడుంది?” అని అడిగితే జవాబు వేరేగా ఉండొచ్చు. 2019లో విస్కాన్సిన్, ఇల్లినాయ్ రాష్ట్రాల వైద్యులు తమ దగ్గరికి వరుసగా వచ్చిన కుర్రాళ్ళను ఆ ప్రశ్నే అడిగారు. అప్పటిదాకా వాళ్ళలో చాలామందికి జరిగింది న్యుమోనియా వైద్యమే.